సర్వర్ మార్చాం, మొదటి వారంలోనే తప్పు చేశాం

పోయిన నెలంతా సాయంత్రాలు, మేం నడిపిపెట్టే మీ సైట్లు తెరుచుకోవడానికి ఆపసోపాలు పడ్డాయి. లోపం మీ సైట్లలో లేదు. మేం వాడిన షేర్డ్ హోస్టింగ్‌లో ముక్కూమొహం తెలియని ఎన్నో సైట్లు ఒకే సర్వర్ మీద నడిచేవి. వాటిలో ఏదో ఒకదానికి రద్దీ పెరిగితే ఆ భారం మీ మీద పడేది. హోస్టింగ్ కంపెనీని అడిగితే 'పరిశీలిస్తున్నాం' అనడమే తప్ప పని జరగలేదు.

అందుకే ఆర్డర్లు తీసుకునే సైట్లన్నిటినీ వీపీఎస్‌కి, అంటే వర్చువల్ ప్రైవేట్ సర్వర్‌కి మార్చాం. పేరు చూసి మనకోసం విడిగా మెషీన్ పెట్టారనుకోకండి. పెద్ద మెషీన్ ఒక్కటే. హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని వాటాలు చేసి, ఒక్కో వాటాను ఒక్కో కంప్యూటర్‌లా నడుపుతుంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ పనిచేసే కేవీఎం 2007 నుంచి దాని కెర్నెల్‌లోనే, అంటే గుండెకాయ లాంటి భాగంలోనే ఉంది, కొత్త ప్రయోగమేమీ కాదు. మన వాటాలో ఆపరేటింగ్ సిస్టమ్ మనది, ర్యామ్ (మెమరీ) మనది, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలన్నా ఒకరిని అడగక్కర్లేదు.

ప్రాసెసర్ దగ్గర మాత్రం పొరుగువాళ్ల బెడద పూర్తిగా పోలేదు. మేం తీసుకున్నలాంటి చవక ప్లాన్లలో కోర్లను, అంటే ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలను, నలుగురికీ పంచే ఇస్తారు. మన వంతు కోసం ఎంత ఆగాల్సి వస్తోందో సర్వర్ మీద భారం చూపించే 'టాప్' కమాండ్‌లో 'ఎస్‌టీ' అనే అంకె చెబుతుంది. పొద్దున్నే కాఫీకంటే ముందు ఇప్పుడు దాన్నే చూస్తున్నాను.

ఇక మా తప్పు. ఖర్చు చూసుకుని 2 జీబీ ర్యామ్‌తో సరిపెట్టాం. శుక్రవారం రాత్రి అది నిండిపోయింది. అలాంటప్పుడు లినక్స్ తనంతట తానే, ఎక్కువ మెమరీ తింటున్న ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. ఆ రాత్రి ఆపింది, ఆర్డర్లు దాచే మీ డేటాబేస్‌ని. తెల్లారేదాకా మాకు తెలియనే లేదు. ఒక్క రీస్టార్ట్‌తో 4 జీబీకి పెంచాం, కొత్త మెషీన్ కొనే పని లేదు. డేటాబేస్ ఆగితే నా ఫోన్ మోగేలా అలారం కూడా పెట్టాం. మొదటి రోజే పెట్టాల్సిన అలారం అది. ఆ రాత్రి ఆర్డర్లు పోగొట్టుకున్న ముగ్గురికి ఈ నెల బిల్లు ఉండదు.

సెక్యూరిటీ అప్‌డేట్ల బాధ్యత కూడా ఇప్పుడు మాదే. వాటికోసం ఆదివారం అర్ధరాత్రి దాటాక కాసేపు సైట్ ఆగితే టెన్షన్ పడకండి. బ్యాకప్ రోజూ వేరే కంపెనీ సర్వర్‌కి వెళ్తోంది. ఎందుకంటే అడుగున ఉన్న ఆ పెద్ద మెషీన్ చెడితే దాంతోపాటు మన వాటా కూడా ఆగిపోతుంది.

అడ్రసు, ఫోన్ నంబరు మాత్రమే ఉన్న రెండు పేజీల సైట్లను పాతచోటే ఉంచాం. మార్చమని మీరు అడిగినా, డబ్బు దండగ, వద్దనే చెబుతాను.