అటక మీది రౌటర్లు మళ్లీ వెలిగాయి: కాలనీ సంక్షేమ సంఘం 2023–24 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా సంఘం చేసిన పనులు మీ ముందు పెడుతున్నాను. ఏటా చేసేవి ముందు చెప్పేస్తాను. వానలకు ముందే సైడు కాలవల్లో పూడిక తీయించాం. వెలగని వీధి లైట్ల కోసం అర్జీలు పెట్టాం, చాలావరకు వెలిగాయి. జులై చివర రొట్టెల పండగకి స్వర్ణాల చెరువుకు వచ్చేవాళ్ల కోసం మెయిన్ రోడ్డు మీద మజ్జిగ, మంచినీళ్ల పందిరి వేశాం. జమాఖర్చుల పుస్తకం ఆఫీసు గదిలో ఉంది, ఎవరైనా చూడవచ్చు.

ఇక ఈ ఏడాది మన సాయంత్రాలు ఎక్కువగా తీసుకున్న పని గురించి: అటక మీది పాత రౌటర్లతో ఇంట్లో అన్ని గదులకూ వైఫై అందేలా చేయడం. కొంచెం వివరంగానే రాస్తున్నాను, ఎందుకంటే ఇది చదివి మిగతా ఇళ్లవాళ్లు కూడా చేసుకోగలగాలి.

వినాయక చవితి పందిట్లో రెండో వీధి పెద్దమ్మ నన్ను ఆపి అడిగింది. "ఏమబ్బయా, అమెరికా నుంచి మనవడు ఫోన్ చేస్తే ముందు రూములో బాగానే కనపడతాడు. వంటింట్లోకి వచ్చానా, వాడి మొహం నోరు తెరిచినట్టే నిలబడిపోతా ఉంది. వంట మానేసి ఎంతసేపు కూచునేది?" పక్కనున్న వాళ్లందరూ తమ తమ ఇళ్ల సంగతి ఎత్తుకున్నారు. మేడ మీద చదువుకునే పిల్లలది ఒక బాధ, వెనక గదిలో ఆఫీసు పని చేసుకునే కోడలిది ఇంకో బాధ.

కారణం మన ఇళ్ల కట్టడంలోనే ఉంది. మన స్థలాలు ఎక్కువగా 30 అంకణాలవి. నెల్లూరు లెక్కన అంకణం 72 చదరపు అడుగులు కదా, వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. ఫైబర్ తీగ వీధి వైపు నుంచి వస్తుంది. మోడెం ముందు గదిలో టీవీ పక్కన బిగించి వెళ్లిపోతారు. అక్కడి నుంచి వంటింటికి రావాలంటే సిగ్నల్ మూడు ఇటుక గోడలు, ఒక ఇనప బీరువా, ఒక ఫ్రిజ్ దాటాలి. మేడ మీదికి వెళ్లాలంటే ఇనప చువ్వలున్న స్లాబు దాటాలి. వైఫై సిగ్నల్ రెండు రకాలు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా ఉంటుంది గానీ గోడ తగిలితే త్వరగా నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త దూరం పోతుంది గానీ అందులో పక్కింటి వాళ్ల సిగ్నళ్లు కూడా కలిసి రద్దీ.

కొంతమంది అప్పటికే గోడ ప్లగ్గుకు పెట్టే బూస్టర్లు కొన్నారు. తీగ లాగడానికి వీలే లేని చోట అవి పనికొస్తాయి. కానీ మామూలు బూస్టర్ అందుకున్నదాన్ని అదే గాలిలో మళ్లీ పంపాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. పైగా సిగ్నల్ చచ్చిన మూల పెడితే ఆ చచ్చిన సిగ్నల్‌నే ముందుకు పంపుతుంది. తీగ లాగి, దాని చివర ఇంకో రౌటర్ పెట్టడం వేరు. ఆ రెండో రౌటర్ కొనక్కర్లేదు, పాతది మన దగ్గరే ఉంది. టెలిఫోన్ తీగ నెట్ నుంచి ఫైబర్‌కి మారినప్పుడు పక్కన పడేసిన పెట్టె దాదాపు ప్రతి అటక మీదా ఉంది.

పెద్దమ్మ ఇంట్లో అది గంగాళం వెనక క్యారీ బ్యాగులో దొరికింది. పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపాం. అడాప్టర్ లేదు. సొరుగులో ఉన్న మూడు అడాప్టర్లూ ఆ రంధ్రంలో పట్టాయి. పట్టింది కదా అని పెట్టేయకూడదు. రౌటర్ అడుగున 12 వోల్టులు, 1 ఆంపియర్ అని చీటీ ఉంది. రెండు అడాప్టర్లు 9 వోల్టులవి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి. మూడోది సరిపోయింది. వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో 10 సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే లైట్లన్నీ ఒకసారి ఆరి వెలిగాయి. అంటే పాత సెట్టింగులన్నీ పోయి కొత్తదానిలా అయింది.

తరువాత పాత రౌటర్‌ని ఒక్కదాన్నే ల్యాప్‌టాప్‌కి కలిపి సెట్టింగులు మార్చాలి. ప్రతి పెట్టెకూ ఇంటి నెట్‌లో ఒక నంబరు (ఐపీ అడ్రసు) ఉంటుంది. ముందు గదిలోదాని నంబరు 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వాలి. చుక్కల మధ్య ఉన్న నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ కలవాలి, చివరిది వేరుగా ఉండాలి, అసలు మోడెం ఫోన్లకు పంచే నంబర్లలో అది ఉండకూడదు. తరువాత డీహెచ్‌సీపీ ఆపేయాలి. ఫోన్లకు నంబర్లు పంచే పని అదే. ఇంట్లో ఆ పని ఒక్క పెట్టే చేయాలి.

నేను ఆ మొదటి ఇంట్లో దీన్ని ఆపడం మర్చిపోయాను. సాయంత్రం సగం ఫోన్లలో వైఫై గుర్తు కనపడుతోంది, నెట్ మాత్రం లేదు. పాత రౌటర్ తనే దారి చూపిస్తానని ఫోన్లకు నంబర్లు పంచేసింది, దానికేమో బయటికి దారి లేదు. పొద్దున్నే ఆన్‌లైన్ పరీక్ష ఉన్న చిన్న మనవరాలు టెన్షన్‌తో ఫోన్ చేస్తే రాత్రి 9 గంటలకు వెళ్లి సరిచేశాను. ఆ పిల్లకి అలా జరిగినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. అప్పటి నుంచి చేయాల్సిన పనులు వరసగా రాసుకున్న సంఘం చీటీలో మొదటి లైను డీహెచ్‌సీపీదే. అది ఆపందే తీగ కలపకూడదు.

తీగను అసలు మోడెం లాన్ రంధ్రం (ఇంట్లోవాటిని కలిపేది) నుంచి పాతదాని లాన్ రంధ్రంలోకే పెట్టాలి. వేరే రంగులో ఉండే వాన్ రంధ్రాన్ని (బయటి నుంచి నెట్ వచ్చేది) ముట్టుకోవద్దు. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెడితే ఫోన్ తనే దగ్గరదానికి మారుతుంది. కొన్ని ఫోన్లు మొండిగా దూరపుదాన్నే పట్టుకుని ఉంటాయి. అలాంటి ఇళ్లలో వెనకదానికి వేరే పేరు పెట్టాం. 2.4 గిగాహెర్ట్జ్‌లో సిగ్నల్ నడిచే దారుల్ని చానెళ్లంటారు. ఒకటి 1వ చానెల్ అయితే రెండోది 6 లేదా 11 ఉండాలి, లేకపోతే రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి.

తీగ కోసం 305 మీటర్ల పెట్టె ఒకటి సంఘం కొన్నది. లోపల అసలైన రాగి ఉందో లేదో చూసే తీసుకున్నాం. అల్యూమినియం మీద రాగి పూత వేసింది చవకే గానీ వంచినచోట త్వరగా విరుగుతుంది. ఎవరింట్లో ఎన్ని మీటర్లు పట్టిందో అంత డబ్బు కట్టించుకున్నాం. ఒక్క ముక్క 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మన ఇళ్లలో అంత అవసరమే రాలేదు. గోడకు కన్నం కొట్టకుండా చాలాచోట్ల ఏసీ పైపు రంధ్రంలోంచే లాగాం.

టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు తీగ చివర క్లిప్పు కొట్టడం కుర్రాళ్లకు నేర్పారు. లోపలి ఎనిమిది సన్న తీగల రంగుల వరస ఇది: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. ఎక్కం చెప్పించినట్టు చెప్పించారు. ఎనిమిదిలో ఒక్కటి అందకపోయినా 1000 మెగాబిట్ల దారి 100కి పడిపోతుంది, ఒక్కోసారి అసలు కలవదు. ఇంజనీరింగ్ చదివే ఇద్దరు పిల్లలు ఆదివారాలు వదులుకుని ఈ పనికి తిరిగారు. వాళ్లు లేకపోతే మేం నాలుగిళ్ల దగ్గరే ఆగిపోయేవాళ్లం.

డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది. 5న బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మనకు కురవాల్సినదంతా కురిసింది. మేడ మీదికి బయటి గోడ వెంట లాగిన ఒక తీగలో నీళ్లు జారి క్లిప్పు పచ్చబారిపోయింది. అప్పటి నుంచి తీగ గోడలోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు వదులుతున్నాం, నీళ్లు అక్కడే కారిపోతాయి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ప్లగ్గుతో పాటు ఈ తీగ కూడా ఊడదీయండి.

పనికిరానివి కూడా ఉన్నాయి. వైఫైకి డబ్ల్యూఈపీ అనే పాత రకం తాళం తప్ప ఏదీ లేనివి పక్కన పెట్టాం, ఆ తాళం తీయడం తెలిసినవాళ్లకు నిమిషాల పని. కనీసం డబ్ల్యూపీఏ2 అనే తాళం ఉండాలి. రౌటర్ సెట్టింగుల పాస్‌వర్డ్ అడ్మిన్ అనే వదిలేసిన ఇళ్లలో అందరి చేతా మార్పించాం. చెడిపోయినవి పాత సామాన్ల బండికి వేయవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అవి రిజిస్టరైన రీసైక్లర్‌కే చేరాలి. ఆఫీసు గదిలో పెట్టిన అట్టపెట్టె సగం నిండింది. ఇంకా అప్పగించలేదు, ఆ బాధ్యత కొత్త కమిటీది.

పోయిన నెల పెద్దమ్మ ఇంటికి వెళ్తే ఫోన్ ఉప్పు జాడీకి ఆనించి, చేపల పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలో మనవడికి చూపిస్తోంది. నన్ను చూసి చేత్తో కూర్చోమని సైగ చేసింది, మాట మాత్రం ఆపలేదు.

మూడో వీధిలో చివరి వరస ఇళ్లు, ఆఫీసు వెనక ఉన్న అద్దె వాటాలు మిగిలాయి. పెట్టెలో తీగ ఇంకా ఉంది. క్లిప్పు కొట్టే కటింగ్ ప్లేయర్ లాంటి పనిముట్టు కోశాధికారి గారి దగ్గర ఉంది. కావలసినవాళ్లు పాత రౌటర్, దాని అడాప్టర్ వెతికి పెట్టుకుని ఆఫీసు గదిలోని పుస్తకంలో డోర్ నంబర్ రాయండి. ఆదివారం ఉదయం 9 నుంచి వరసగా వస్తాం.

కార్యదర్శి
కాలనీ సంక్షేమ సంఘం, నెల్లూరు