పురుగు మందు కాదు, ప్రాణమున్న బూజు

సంపాదకుల వారికి,

మొన్న మీ సేద్యం పేజీలో కూరగాయల్లో వేరుపురుగు గురించి రాసింది చదివాను. ‘మెటారైజియం పొడి నీళ్లలో కలిపి మొదళ్లలో పోయాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మూడేళ్ల కిందట నేను చేసిందీ అదే.

వంగ మొక్కలు నిలువునా వాడిపోతుంటే పీకి చూశాను. వేర్లు లేవు. మట్టిలో తెల్లగా, సగం చుట్ట చుట్టుకుని పురుగులు. మిట్టమధ్యాహ్నం, ఎండిన నేల మీదే ఆ పొడి నీళ్లు పోశాను. అంతటితో ఆగానా? తెగులు కూడా ఉందేమోనన్న టెన్షన్‌తో అదే డ్రమ్ములో శిలీంద్రనాశిని కలిపాను. మెటారైజియం అంటేనే ఒక శిలీంద్రం, మన మాటల్లో బూజు. డబ్బిచ్చి కొన్న బూజును బూజు చంపే మందులో నా చేత్తో నేనే ముంచాను! పురుగులకు ఏమీ కాలేదు. నకిలీ సరుకని కనపడ్డవాళ్లందరికీ చెప్పాను కూడా.

ఈ బూజు సంగతి కొత్తదేమీ కాదు. గోధుమ పైరు తినే పెంకుపురుగుల మీద మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త 1879లోనే దీన్ని ప్రయోగించి చూశాడు. దీని బీజాలు పురుగు ఒంటికి అంటుకుని, తడి ఉంటే మొలకెత్తి, చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. పురుగు దాన్ని తినాల్సిన పని లేదు. చావడానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. మర్నాడే తవ్వి చూసేవాళ్లకు (నాలాంటివాళ్లకు) నిరాశే.

మరుసటి ఏడు 2 కిలోల పొడిని 100 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి, నీడన తడి గోనెపట్టా కప్పి పది రోజులు ఉంచాను. సాయంత్రం పూట దుక్కిలో వేసి వెంటనే తడి పెట్టాను. పురుగు పూర్తిగా పోలేదు, ముదిరినవి కొన్ని మిగిలాయి. కానీ తవ్వినప్పుడు ఈ బూజు తాలూకు ఆకుపచ్చటి పొడి పట్టి బిగుసుకుపోయిన పురుగులు దొరికాయి. ఎరువు మాత్రం బాగా మాగాలి. పచ్చి పేడ వేస్తే, ఈ వేరుపురుగులకు తల్లులైన పెంకుపురుగులను గుడ్లు పెట్టడానికి మనమే పిలిచినట్టు.

మీ వ్యాసం చివర ‘నులిపురుగులు కూడా వాడవచ్చు’ అన్న వాక్యం చూసి మా ఇంట్లో అందరూ కంగారుపడ్డారు. మట్టిలో సన్నటి దారాల్లా ఉండే ఈ నులిపురుగుల్లో వేర్లకు బుడిపెలు తెచ్చేవి వేరు, మీరు చెప్పినవి వేరు. మీరు చెప్పినవి వేరుపురుగు ఒంట్లో దూరి, తమతో తెచ్చిన బాక్టీరియాను వదులుతాయి. ఒకటి రెండు రోజుల్లో పురుగు చస్తుంది. హెటెరోరాబ్డైటిస్ రకమైతే చచ్చిన పురుగు ఇటుక రంగుకు తిరుగుతుంది. మొక్క జోలికి ఇవి రావు. ఆ ఒక్క మాట రాసి ఉండాల్సింది.

ఈసారి రాసేటప్పుడు మోతాదు పక్కనే ఏ పూట పోయాలో, నేలలో ఎంత తడి ఉండాలో, దేనితో కలపకూడదో, ప్యాకెట్ మీద ఏ తారీఖు చూసుకోవాలో కూడా వేయండి.

ఇట్లు,
ఒక కూరగాయల రైతు