ఏడో తరగతి పిల్లల నవల మధ్యలో ఆగిపోయింది: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం. చిత్తూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ఏడో తరగతి పిల్లలతో ఇంగ్లీషు నవల చదివించే విషయం మీద ఇది నా నాలుగో ఉత్తరం. మొదటిది చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో చేతికిచ్చాను. రెండోది మా హెడ్మాస్టరు గారి సంతకంతో పైకి పంపాను. మూడోది సోమవారం అర్జీల రోజున సెలవు పెట్టి, లైన్లో నిలబడి ఇచ్చి, రసీదు తెచ్చుకున్నాను. కొన్నాళ్లకు మీ అర్జీ పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో ఎవర్నడిగినా చెప్పలేదు. ఇక మీకే రాస్తున్నాను.

పుస్తకం చదివి స్పందన రాస్తే ఫార్మేటివ్‌లో, అంటే ఏడాది మధ్యలో బడిలోనే వేసే మార్కుల్లో, దానికీ మార్కులున్న సంగతి మీకు తెలుసు. ఆ మార్కులు బళ్లలో ఎలా పడుతున్నాయో నేను చెప్తాను. బోర్డు మీద ఒక కథ పేరు, రాసినవారి పేరు, నాలుగు వాక్యాలు, చివర ఒక నీతి రాస్తాం. పిల్లలు దించుకుంటారు. ముప్పై ఎనిమిది మందికీ ఆ కథ నచ్చుతుంది, ముప్పై ఎనిమిది మందికీ ఒకటే నీతి. కథ ఏ ఒక్కరూ చదివుండరు. చాలా ఏళ్లు నేనూ ఇదే చేశాను. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలంటే వేరే దారి కనపడలేదు.

పోయిన ఏడాది జులైలో మాత్రం మనసు ఒప్పుకోలేదు. తిరుపతి వెళ్లి ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ మూడు కాపీలు కొన్నాను, ఇంట్లో నాది ఒకటుంది. ఆర్.కె. నారాయణ్ గారి తొలి నవల, 1935లో అచ్చయింది. వాక్యాలు చిన్నవి. అందులో బడి, అవ్వ, బెత్తం, పరీక్షలు, క్రికెట్టు, అన్నీ మా పిల్లలు ఎరిగినవే. నాలుగు పుస్తకాలు, ముప్పై ఎనిమిది మంది పిల్లలు. వారానికి రెండు పీరియడ్లు. నేను పైకి చదువుతాను, పిల్లలు గుంపులుగా కూర్చుని వేలు పెట్టి చూసుకుంటారు. కష్టమైన చోట తెలుగులో చెప్పుకుంటాం. తర్వాత జర్నల్. నోటుబుక్కులో పేజీ మధ్యన స్కేలుతో గీత. ఎడమ పక్క పుస్తకంలో తమను పట్టుకున్న వాక్యం ఒకటి, కుడి పక్క దాని మీద తమకేమనిపించిందో అది. స్పెల్లింగుకు భయపడొద్దు, మాట తెలియకపోతే తెలుగు మాటే రాయండి అన్నాను.

నవల సోమవారం పొద్దున మొదలవుతుంది. స్వామికి కళ్లు తెరవబుద్ధి కాదు, సోమవారమంటే అంత గిట్టదు. అక్కడ ఒక పిల్ల కుడి పక్క ఇలా రాసింది: ‘స్వామి హేట్ మండే. ఐ లైక్ మండే. సండే ఐ గో కసువు కటింగ్ విత్ అవ్వ. మండే మై హాలిడే.’ అయ్యా, ఈ ఉద్యోగంలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. ఒక పిల్ల ఇంగ్లీషులో తన మాట తాను చెప్పడం అదే మొదటిసారి చూశాను. నేను ఎర్ర పెన్ను పెట్టలేదు. కింద నీలం ఇంకుతో ఒక ప్రశ్న రాశాను, కసువు కోసేటప్పుడు మీ అవ్వ ఏం మాట్లాడుతుంది అని. కసువంటే మా వైపు గడ్డి. మరుసటి వారం అర పేజీ వచ్చింది. తప్పుల సంగతి నేను వదిలేయలేదు. అందరి నోటుబుక్కుల్లోంచి ఏరి, పేర్లు చెప్పకుండా, శుక్రవారం బోర్డు మీద సరిచేసేవాళ్లం. మూడో వారానికి ఆ పిల్ల ‘గో’ అనాల్సిన చోట గో అని, ‘వెంట్’ అనాల్సిన చోట వెంట్ అని తనంతట తానే రాసింది. గ్రామర్ వర్క్‌షీట్లతో రెండేళ్లుగా రాని మాట అది.

ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లాడు ఒకడున్నాడు, క్లాసులో నోరు విప్పడు. దొర్లించి ఆడుకునే చక్రం కోసం స్వామి బండివాడికి డబ్బులిచ్చి మోసపోయే చోట వాడు రాసింది రెండే వాక్యాలు. ‘ఐ ఆల్సో గివ్. కైట్ నాట్ కమ్.’ ఎవరికిచ్చావురా అంటే తలొంచుకున్నాడు. మర్నాడు వాడే వచ్చి చెప్పాడు.

జనవరిలో తనిఖీకి వచ్చారు. వచ్చినవారి పేరు, హోదా ఇక్కడ రాయను. నోటుబుక్కులు తిరగేసి, తప్పులు దిద్దకుండా వదిలేశారని, సిలబస్‌లో లేని పుస్తకం చెప్తున్నారని అన్నారు. కసువు అన్న మాట చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది. వారంలో మెమో వచ్చింది. సంజాయిషీ మూడు పేజీలు రాసిచ్చాను, దానికీ జవాబు లేదు. ఆ రెండు పీరియడ్లూ మళ్లీ వర్క్‌బుక్కుకు పోయాయి. జర్నళ్లు ముప్పై ఎనిమిదీ స్టాఫ్‌రూమ్ బీరువాలో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చదవమని ప్రతి అర్జీలోనూ రాశాను. వచ్చినవారు లేరు.

లైబ్రరీ ఉంది కదా అని అడుగుతారేమో. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు ఉంది. మా బడికి పుస్తకాలు పైనుంచే ఎంపికై వస్తాయి, ఒక్కోటి ఒక్క కాపీ. ఒక్క కాపీతో క్లాసంతా నవల ఎలా చదువుతుంది? పైగా పుస్తకం పోతే ఇన్‌ఛార్జి టీచరు కట్టుకోవాలి, అందుకని బీరువాకు తాళం. ఆ టీచరును నేను తప్పుపట్టను.

2020 నవంబరులో ‘చదవడం మాకిష్టం’ అని పిల్లల చేత పుస్తకాలు చదివించే కార్యక్రమం అన్నారు, బ్యానరు కట్టాం, ఫోటోలు పంపాం. 2023లో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకు తయారీ అన్నారు, దానికీ పీరియడ్లు సర్దాం, అదీ నిలవలేదు. ప్రభుత్వాలు మారతాయి, అది నేనెరుగుదును. వచ్చిన ప్రతిదాన్నీ మేం నమ్మి పిల్లలకు చెప్పాం సార్. ఇది వస్తే మీకు ఇంగ్లీషు వస్తుందని చెప్పాం. మళ్లీ మళ్లీ ఆ పిల్లల ముందు నిలబడి మాట మార్చాల్సింది మేమే.

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఏడాదికి ఒక్క నవల. ఏ నవలో టీచరు ఎంచుకోనివ్వండి. లైబ్రరీ గ్రాంటులోంచే ఇద్దరు పిల్లలకు ఒక కాపీ వచ్చేట్టు కొననివ్వండి. చిరిగినా పోయినా టీచరు మీద పడదని ఒక వాక్యం రాసివ్వండి. వారానికి రెండు పీరియడ్లు. జర్నల్‌ను ఫార్మేటివ్‌లో ఆ స్పందన మార్కుల కిందే లెక్కించి, అందులో ఎర్ర పెన్ను ఉండదని తనిఖీకి వచ్చేవారికి ముందే తెలిసేట్టు ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఆ సర్క్యులర్ లేకపోతే మిగతావన్నీ ఇచ్చినా ఉపయోగం లేదు. తనిఖీ భయంతో టీచర్లు మళ్లీ బోర్డు మీద నీతి రాస్తారు.

మా చదువు ఆగిన చోటేదో కూడా చెప్పాలి. స్వామి బళ్లోంచి బయటపడి ఊరొదిలి నడిచిపోతాడు, అక్కడ ఆగింది. ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి. మొన్న మధ్యాహ్న భోజనం దగ్గర పళ్లెం కడుక్కుంటూ, ‘సార్, స్వామి ఇంటికొచ్చినాడా?’ అని అడిగింది. నోటితో చెప్పేయవచ్చు, ఒక్క నిమిషం పని. చెప్పలేదు. చదువుకుందువులే అన్నాను. ఎప్పుడు సార్ అంది.

మెమో రద్దు చేస్తారో లేదో మీ దయ. ఈ ఏడాది అయ్యేలోగా మిగిలిన అధ్యాయాలు ఆ పిల్లలతో చదివించడానికి అనుమతి ఇప్పించండి. పుస్తకాలు నా దగ్గర నాలుగున్నాయి.

ఇట్లు,
ఒక ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంట్,
చిత్తూరు జిల్లా