చూసుకునే మనిషికి ఏ లెక్కలోనూ చోటు లేదు

సంపాదకులకు నమస్కారం.

పింఛన్ల తనిఖీ మీద మీ జిల్లా పేజీలో వార్త వచ్చి పది రోజులైంది. వెంటనే రాద్దామనుకున్నాను గానీ కోపం తగ్గాక రాయడం మంచిదని ఆగాను. తగ్గలేదు. అనర్హులను ఏరివేస్తున్నారని రాశారు. దొంగ సర్టిఫికెట్లతో డబ్బు తీసుకునేవాళ్ళను తీసేయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అనర్హులని తేల్చిన ఇళ్ళలోకి మీ విలేకరులు ఒకసారి వెళ్ళి చూస్తే బాగుండేది.

మా అక్క ఇంటి సంగతి చెబుతాను. బావగారు దర్జీ పని చేసేవారు. ఇప్పుడు 71 ఏళ్ళు. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది. అక్కకు 66. రాత్రుళ్ళు రెండు గంటలకోసారి మోగేలా ఫోన్లో అలారం పెట్టుకుని లేస్తుంది. లేచి ఆయన్ని పక్కకు తిప్పకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. ఒకసారి తుంటి దగ్గర రూపాయి బిళ్ళంత పుండు పడితే మానడానికి మూడు నెలలు పట్టింది. ఆవిడ బరువు నలభై అయిదు కిలోలు కూడా ఉండదు. పాత నేత చీర నాలుగు మడతలు వేసి ఆయన నడుం కింద పరిచి ఉంచుతుంది. రెండు కొసలు పట్టుకుని, మోకాలు మంచం పట్టెకు ఆనించి, ఒక్క లాగు లాగి తిప్పుతుంది. ఆ చీర అంచు రాసుకుని చేతులు రెండూ కాయలు కాశాయి.

ఈ ఇంటికి ప్రభుత్వం ఇచ్చేదెంతో చూడండి. అక్కకు అరవై నిండినప్పుడు వృద్ధాప్య పింఛనుకు దరఖాస్తు పెడితే, ఇంట్లో ఇప్పటికే ఒకరికి వస్తోంది, కుటుంబానికి ఒకటే అన్నారు. అప్పటికి బావగారికి వృద్ధాప్య పింఛను వస్తోంది. పక్షవాతం వచ్చాక, వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే సదరం క్యాంపుకు ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్ళాం. 75 శాతం అని రాశారు. దాంతో పింఛను వికలాంగుల కోటాలోకి మారింది. 2024 జులై నుంచి వృద్ధులకు 3,000 నుంచి 4,000కు, వికలాంగులకు 3,000 నుంచి 6,000కు పెంచారు. పెంచినందుకు సంతోషమే, కాదనను. మంచానికే పరిమితమైనవాళ్ళకు 15,000 ఇస్తున్నారు. అది అడిగితే, దిండు ఆనించి కూర్చోబెడితే కూర్చుంటున్నారు కాబట్టి రాదన్నారు. అయ్యా, దిండు ఆనించేది ఎవరు? కూర్చోబెట్టేది ఎవరు? ఆ చేతులు తీసేసి చూస్తే ఆయన కూర్చుంటారా? తీవ్ర వైకల్యం ఉంటే ఇంట్లో రెండో పింఛనుకు మినహాయింపు ఉందని కూడా చెప్పారు. దానికీ ఆయన శాతం చాలలేదు. అంటే భర్తను చూసుకోవడానికి కరువు పనికి కూడా వెళ్ళలేని మనిషికి తన పేరు మీద నెలకు ఒక్క రూపాయి రాదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. అమ్మ ఒక్కతే ఎత్తలేకపోతోందని మా మేనల్లుడు ఇద్దరినీ రాజమండ్రిలో తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఒక చిన్న షాపులో లెక్కలు రాస్తాడు. రెండు గదుల అద్దె ఇల్లు. కోడలు కూడా మంచి పిల్ల, మామగారికి స్నానం చేయించడానికి మొహం చిట్లించలేదు. రేషన్ సరుకుల కోసం కార్డులో పేర్లు మార్పించుకున్నారు. మూడో నెలలో పింఛను ఆగింది. వార్డు సచివాలయంలో అడిగితే, మీ మ్యాపింగ్‌లో, అంటే ఒక ఇంటివాళ్ళుగా కంప్యూటర్లో కలిపిన పేర్లలో, ఇన్‌కమ్ ట్యాక్స్ చూపిస్తోందండీ అన్నారు. బండి లోను కోసం వాడు ఎప్పుడో ఒకసారి రిటర్ను వేశాడు. పన్ను ఒక్క రూపాయి కట్టలేదు, కట్టేంత జీతమూ లేదు. అయినా పథకాలకు అర్హత తేల్చే ఆరంచెల వడపోతలో వాడి తల్లిదండ్రులు అనర్హులయ్యారు. కారు, మూడొందల యూనిట్ల కరెంటు, ఊళ్ళో పొలం, టౌన్లో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, ఇలా కంప్యూటరు ఎన్నో అడుగుతుంది. ఆ ఇంట్లో మంచాన ఉన్న మనిషి ఉన్నాడా, ఆయన్ని తిప్పేది ఎవరు అని మాత్రం అడగదు.

సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాం. వారం తిరక్కుండా, మీ సమస్య పరిష్కరించబడింది అని మెసేజ్ వచ్చింది. ఎవరూ ఇంటికి రాలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు చెప్పిన మాస్టారిని. ఇచ్చిన నోటీసు మూడుసార్లు చదివినా నాకే అర్థం కాలేదు. బెనిఫిషియరీ యొక్క ఎలిజిబిలిటీ వెరిఫికేషన్ నందు ఇనెలిజిబుల్ గా గుర్తించబడినది. ఇది ఏ భాష? బావగారు బడి మొహం చూడని మనిషి. ఆయన చేతిలో ఈ కాగితం పెట్టి వెళ్ళిపోతే ఆయన ఎవరినడగాలి? పదో తరగతి పిల్లవాడు ఇలా రాస్తే నేను సున్నా వేసేవాణ్ణి.

చివరికి ఏం చేశారో తెలుసా? పింఛను కోసం ఇద్దరినీ మళ్ళీ ఊరికి పంపి, పేర్లు విడదీయించారు. అయిదు నెలల తర్వాత పింఛను తిరిగి వచ్చింది, ఆగిన ఆ అయిదు నెలల డబ్బు రాలేదు. కొడుకు దగ్గర ఉన్నంతకాలం అర్హత లేదు. కొడుకును వదిలి పెంకుటింట్లో ఇద్దరే పడి ఉంటే అర్హత ఉంది. 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం తెచ్చారు. చూడని పిల్లల మీద ఆర్డీవో దగ్గర కేసు పెట్టొచ్చు, నెలకు పదివేల దాకా ఇప్పిస్తారు. మంచి చట్టమే. మరి చూసే పిల్లవాడి ఇంటికి వచ్చినందుకు ఉన్న పింఛను తీసేయడం ఏం న్యాయం?

నెలజీతాల ఉద్యోగుల సంగతి వేరు. పాత విధానంలో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు, ఇంట్లో తమ మీద ఆధారపడ్డ వికలాంగులుంటే 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 ఆదాయంలోంచి మినహాయిస్తారు. అంటే సాకడం ఖర్చుతో కూడిన పని అని ప్రభుత్వానికి తెలుసు. పన్ను కట్టేవాడి విషయంలో తెలిసింది, కూలి మానుకుని సాకే ఆడమనిషి విషయంలో ఎందుకు తెలియదు? 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 24లో, ఎక్కువ ఆసరా కావలసినవాళ్ళకు సంరక్షకుల భత్యం అని స్పష్టంగా ఉంది. ప్రభుత్వ స్తోమతను బట్టి అని కూడా ఉంది, ఒప్పుకుంటాను. కేరళలో ఆశ్వాసకిరణం పేరుతో మంచాన పడ్డవాళ్ళను చూసుకునే మనిషికి నెలకు 600 ఇచ్చే పథకం ఉంది. అక్కడా బకాయిలు పడుతున్నాయని చదువుతున్నాం, మొత్తమూ చిన్నదే. అయినా చూసుకునే మనిషి ఒకరు ఉన్నారని ఆ కాగితం మీద రాశారు. మన దగ్గర అదీ లేదు. కేంద్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. వృద్ధాప్య పింఛనులో దాని వాటా 200 రూపాయల దగ్గరే ఆగిపోయింది, ఎనభై నిండితే 500.

మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. మంచాన ఉన్న మనిషి పింఛనును ఆయన భార్య పింఛనుకు అడ్డం పెట్టకండి. ఆవిడ వయసు ఆవిడది, ఆయన రోగం ఆయనది. సాకడం కోసం పిల్లల ఇంటికి చేరిన ముసలివాళ్ళను ఆ ఇంటి ఆదాయంలో కలపకండి. శాతం వేసే డాక్టరు, ఈయనకు రోజుకు ఎన్ని గంటలు మనిషి తోడు కావాలో కూడా ఒక గడిలో రాయాలి. రాజమండ్రికి మళ్ళీ తీసుకెళ్తానని మేనల్లుడు అడుగుతున్నాడు. వద్దు నాయనా, మళ్ళీ ఆగిపోతుంది అంటోంది మా అక్క. పోయిన ఒకటో తారీఖున నేను అక్కడే ఉన్నాను. బావగారి కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి ఉంటుంది, ఎడమ చేతి వేళ్ళు కత్తెర పట్టి పట్టి అరిగిపోయాయి, పింఛను ఇచ్చే ముందు వేలిముద్ర చూసే మిషన్ వాటిని తీసుకోదు. అక్క గోరువెచ్చటి నీళ్ళ గుడ్డతో కుడి పిడికిలి ఒక్కో వేలూ విప్పుతూ పావుగంట కూర్చుంది. నాలుగోసారికి వేలిముద్ర పడింది. పడింది ఆయన వేలిముద్రే, ఆవిడ సంతకం ఎక్కడా అడగలేదు.

- ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తణుకు