లీకైన మా వివరాల గురించి డేటా పరిరక్షణ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

మీ కార్యాలయానికి పంపిన వినతులకు జవాబు రాలేదు కాబట్టి ఈ లేఖను అందరి ముందూ ఉంచుతున్నాను.

మాకు ఖాతాలున్న ఒక సంస్థ నుంచి ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు బయటికి పోయాయి. ఆ సంగతి సంస్థ మాకు చెప్పలేదు. మోసగాళ్ల ఫోన్ల వల్లే తెలిసింది. మన పుట్టిన తేదీని తప్పు లేకుండా చదివి వినిపించే గొంతును పెద్దవాళ్లు ఎలా అనుమానిస్తారు? నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు అలాగే ఓటీపీ చెప్పి, దాచుకున్నదంతా పోగొట్టుకున్నారు. ఇప్పుడు కొడుకు ఫోన్ చేసినా ఎత్తడానికి భయపడుతున్నారు. దీన్ని ఆమె అజాగ్రత్త అనడం అన్యాయం.

ముందే తెలిసి ఉంటే పాస్‌వర్డులు మార్చుకునేవాళ్లం, పాస్‌వర్డుతో పాటు మరో రుజువు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకునేవాళ్లం. డబ్బు పంపాల్సిన ఖాతా మారిందంటూ వచ్చే మెయిళ్లను చిన్న వ్యాపారులు తమ దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి సరిచూసుకునేవారు.

యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం, లీకు సంగతి తెలిసిన 72 గంటల్లోగా నియంత్రణ సంస్థకు తెలపాలి. ముప్పు తీవ్రమైతే బాధితులకూ జాప్యం లేకుండా చెప్పాలి.

ఏ వివరాలు పోయాయో ప్రతి ఖాతాదారుకూ రాతపూర్వకంగా తెలపాలని ఆ సంస్థను ఆదేశించండి. అందుకు గడువు విధించి, దాన్ని బహిరంగంగా ప్రకటించండి.

భవదీయుడు,
ఒక ఖాతాదారు