ఫ్రెంచ్ బడిలో వేశారా, అయితే తొందరపడకండి

సంపాదకుల వారికి నమస్కారం.

విదేశాల్లో ఉంటూ పిల్లల్ని ఫ్రెంచ్ ఇంటర్నేషనల్ స్కూల్లో చేర్చిన తెలుగువాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. మా పాప కూడా అలాంటి బడిలోనే చదువుతోంది, అక్కడ మనవాళ్లు పడే టెన్షన్ చూడలేకపోతున్నాను.

అందరి ఫిర్యాదూ ఒకటే, ఐదేళ్లొచ్చినా చదవడం నేర్పడం లేదని. ఆ చదువు తీరే అంత. మూడో ఏట నుంచి ఆరో ఏటి దాకా మాతెర్నెల్ అంటారు, అందులో అన్నిటికంటే ముందు మాట. కథ విని తిరిగి చెప్పడం, పాటలు, పదంలోని శబ్దాల్ని విడదీసి పట్టుకోవడం, వేళ్లకు పట్టు దొరికే పనులు. అక్షరాలు, పేరు రాసుకోవడం వంటివి ఉంటాయి గానీ, పద్ధతిగా చదవడం మొదలయ్యేది ఆరో ఏట, సేపే (CP) అనే ఒకటో తరగతిలో. అప్పటిదాకా ఆటలే అనుకోకండి, ఫ్రాన్స్‌లో 2019 నుంచి మూడేళ్లకే చదువు తప్పనిసరి చేశారు.

పైగా కొత్త భాషలో పడ్డ పిల్లలు కొందరు నెలల తరబడి క్లాసులో నోరే విప్పరు, వింటూ ఉంటారు. అది చూసి హడలిపోయి, ఇంట్లో తెలుగు మానేసి మనకే సరిగా రాని ఫ్రెంచ్‌లో పిల్లలతో మాట్లాడేవాళ్లున్నారే, వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఇంట్లో సొంత భాషలో కబుర్లు, కథలు బాగా విన్న పిల్లకి బడిలో కథ అందుకోవడం తేలిక. ఇంకో మాట, అక్కడ పుట్టిన సంవత్సరాన్ని బట్టి తరగతి ఇస్తారు, కాబట్టి డిసెంబర్లో పుట్టిన పిల్లని జనవరి పిల్లతో పోల్చి తిట్టొద్దు.

ఆ కంగారేదో చేరేముందే పడితే మేలు. ఫ్రెంచ్ అని బోర్డు పెట్టిన ప్రతి బడికీ ఫ్రాన్స్ విద్యాశాఖ గుర్తింపు ఉండదు, ఉన్నా అది తరగతుల స్థాయిని బట్టి ఇస్తారు, అంటే మాతెర్నెల్‌కి ఉండి పై తరగతులకు లేకపోవచ్చు. గుర్తింపు ఉన్న తరగతి నుంచి వేరే దేశంలోని అలాంటి బడికి మారితే, సీటు ఖాళీ ఉండాలే గానీ ప్రవేశ పరీక్ష అక్కర్లేదు. ట్రాన్స్‌ఫర్ల మీద దేశాలు తిరిగే కుటుంబాలకు అంతకంటే ఏం కావాలి! ఫీజు సంగతి కూడా ముందే తేల్చుకోండి, ఫ్రాన్స్ ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు ఫ్రెంచ్ పౌరసత్వం ఉన్న పిల్లలకే, మనకు రావు. కంపెనీ కట్టేదైతే ఉద్యోగం మారితే ఏంటన్నది కూడా ఇంట్లో మాట్లాడుకోవాలి.

మీ చదువుల పేజీలో ఈ గుర్తింపు వివరాలతో ఒక వ్యాసం వేయండి. చేర్చబోయే తల్లిదండ్రులు బడివాళ్లను ఏమేం అడగాలో అందులో రాస్తే చాలామందికి పనికొస్తుంది.

ఇట్లు,
విదేశంలో ఉంటున్న ఒక తల్లి