తల్లిని చూపించని చోట కుక్కపిల్లను కొనొద్దని రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆదివారం పేజీల్లో చిన్న జాతి కుక్కపిల్లల గురించి రాశారు. చదివి ఊరుకుందామనుకున్నాను గానీ మనసు ఒప్పలేదు. పామెరేనియన్, షిట్జు, పగ్‌లలో ఏది ఫ్లాటుకి సరిపోతుంది, ఏది ఎంత ధర పలుకుతుంది, మెడకి ఏ బెల్టు బాగుంటుంది, పుట్టినరోజు ఎలా చేయాలి, అన్నీ ఉన్నాయి. ఆ పిల్లను ఎవరి దగ్గర తీసుకోవాలి, ఎన్నో రోజుకి తీసుకోవాలి, తెచ్చిన మొదటి వారం ఎలా చూసుకోవాలి అన్నది మాత్రం ఒక్క వాక్యం లేదు. పైగా 'టీకప్' కుక్కలని ఒక డబ్బా కట్టి మరీ వేశారు. టీకప్ అని జాతే లేదండీ. కుక్కల జాతుల్ని నమోదు చేసే ఏ కెన్నెల్ క్లబ్బూ దాన్ని జాతిగా గుర్తించలేదు. బక్కచిక్కిన పిల్లకి, వయసు నిండని పిల్లకి ఆ పేరు పెట్టి ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. మీ పత్రిక చదివి ఎంతమంది వాటికోసం తిరుగుతున్నారో!

నా బాధేమిటో చెబుతాను. మూడేళ్ల కిందట, పైడితల్లమ్మ సిరిమాను పండక్కి వారం ఉందనగా, మా మనవడి పోరు పడలేక విజయనగరంలోనే ఒకచోట తెల్లటి పామెరేనియన్ పిల్లను కొన్నాం. అట్టపెట్టెలో నాలుగు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. తల్లి ఏదని అడిగితే "వైజాగ్‌లో ఉందమ్మా" అన్నాడు. నలభై అయిదు రోజులు నిండాయన్నాడు. 6,000 చెప్పి 5,500కి ఇచ్చాడు. టీకా కూడా వేశామంటూ ఒక కార్డు చేతిలో పెట్టాడు. అందులో పెన్నుతో కొట్టిన టిక్కు తప్ప ఏమీ లేదు. నాకు తెలిస్తే గదా అడగడానికి!

మూడో రోజుకి తిండి మానేసింది. నాలుగో రోజు వాంతులు, నెత్తురు విరేచనాలు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. పశువుల డాక్టరు గారు నోరు తెరిచి చూసి, "వెనక పాలపళ్లు ఇంకా రాలేదు, దీనికి నెల కూడా నిండలేదమ్మా" అన్నారు. జబ్బు పార్వో, కుక్కపిల్లల పేగులకి పట్టే అంటువ్యాధి. కార్డు తిప్పి చూపించారు. టీకా వేస్తే సీసా మీది స్టిక్కరు తీసి కార్డులో అంటిస్తారట. దాని మీద బ్యాచ్ నంబరు ఉంటుంది, పక్కన డాక్టరు సంతకం, తేదీ ఉంటాయి. మా కార్డులో అవేవీ లేవు. ఆ పిల్ల కాలు నా చిటికెన వేలంత ఉంటుంది. దానికి సూది గుచ్చి రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఆరో రోజు తెల్లారేసరికి పోయింది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "పాలు ఎక్కువ పట్టేసుంటారు" అని పెట్టేశాడు. మా మనవడు దాని గిన్నెను మంచం కింద దాచుకుని నాలుగు నెలలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఇదంతా చట్టం లేక జరగలేదు. కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం 2017లోనే నిబంధనలు తెచ్చింది. పిల్లలు పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టరు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను కట్టించకూడదు, జన్మలో అయిదు ఈతలకి మించకూడదు. గుర్తింపు కోసం చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి, టీకాల వివరాలు కాగితం మీద రాసివ్వాలి. ఇవి వచ్చి ఇన్నేళ్లయినా మన ఊళ్లో ఆదివారం వస్తే రోడ్డు పక్కన ఎండలో అట్టపెట్టెలు కనిపిస్తూనే ఉన్నాయి.

ఫిర్యాదు ఇద్దామని ఒక కార్యాలయానికి వెళ్లాను. అది చూసే సెక్షన్ వేరే బిల్డింగులో ఉందన్నారు. అక్కడికి వెళ్తే మా పరిధి కాదన్నారు. మూడోచోట కాగితం తీసుకున్నారు గానీ రసీదు ఇవ్వమంటే సార్ లీవులో ఉన్నారన్నారు. మా వీధి కాలువ పూడిక గురించి ఇచ్చిన అర్జీదీ ఇదే గతి, మా వారి పెన్షన్ కాగితాలదీ ఇదే గతి. మా నాన్నగారి రోజుల్లో పెంపుడు కుక్కకి మునిసిపాలిటీ బిళ్ల వేయించేవారు. బిళ్ల లేకపోతే మనిషి ఇంటికొచ్చి అడిగేవాడు. ఇప్పుడు కంప్యూటర్లున్నాయి, యాప్‌లున్నాయి, అడిగే మనిషి లేడు. మోజు తీరాక, జబ్బు చేశాక ఆ పగ్గులనీ పామెరేనియన్లనీ రైల్వే స్టేషన్ దగ్గర వదిలేసి పోతున్నారు. ఫ్యాను కింద పెరిగిన పగ్, ఆ చదునైన ముక్కుతో మన మే నెల ఉక్కలో రోడ్డు మీద ఎన్నాళ్లు బతుకుతుంది?

తర్వాత రెండేళ్లు కుక్క ఊసెత్తనివ్వలేదు నేను. నిరుడు ఆమదాలవలస వైపు ఒక పెద్దాయన ఉన్నారని తెలిసి ఫోన్ చేశాం. ధర చెప్పలేదు సరికదా, ఆయనే నన్ను ప్రశ్నలు అడిగారు. ఇంట్లో ఎందరుంటారు, మధ్యాహ్నం పూట ఎవరుంటారు, ఊరెళ్తే ఎవరికి అప్పజెప్తారు, ఇంతకుముందు కుక్కను పెంచారా, అది ఏమైంది. పార్వోతో పోయిందని చెబితే, ఇల్లు బ్లీచింగ్‌తో కడిగించారా, ఎన్నాళ్లయింది అని కూడా అడిగారు. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి ఉండిపోతుందట. పిల్లలకి అప్పటికి ఇరవై రోజులు. "ముందొచ్చి తల్లిని సూసుకోండమ్మా. తల్లిని సూడకుండా పిల్లనెలా అట్టుకెల్తారు? రెండు నెల్లు నిండాకే ఇత్తాను" అన్నారు.

వెళ్లాం. రిజిస్ట్రేషన్ కాగితం గోడకి ఉంది. తల్లి గోనెసంచి మీంచి లేచి వచ్చి నా చీర కుచ్చిళ్లు వాసన చూసి, మళ్లీ వెళ్లి పిల్లల పక్కన పడుకుంది. భయం లేదు, మొరగడం లేదు, కళ్ల వెంట పుసి లేదు, ఒంటి మీద పుండు లేదు. దాని ఫైలు చూపించారు. ఇది రెండో ఈత. దానికి వేసిన టీకాలన్నీ స్టిక్కర్లతో ఉన్నాయి. తల్లికి టీకాలుంటే మొదటి పాలతో పిల్లలకి కొన్నాళ్లు కాపుదల ఉంటుందని అప్పుడే తెలిసింది. చిన్న జాతులకి మోకాలి చిప్ప జారే జబ్బు వస్తుంటుందని తల్లినీ తండ్రినీ డాక్టరుకి చూపించిన చీటీ కూడా ఫైల్లో ఉంది.

అరవై మూడో రోజున పిల్లను ఇస్తూ, తల్లి ఒంటికి రుద్దిన పాత తువ్వాలు ముక్క, అది అలవాటు పడిన మేత అర కిలో, కార్డు ఇచ్చారు. "పెంచలేకపోతే రోడ్డు మీద వదలకండమ్మా, నాకు తెచ్చీయండి" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ధైర్యం వచ్చింది.

మీరు రాయాల్సింది ఇదండీ. మొదటి రాత్రి అది ఏడుస్తుంది. మేం దాని పెట్టె మంచం పక్కనే పెట్టి ఆ తువ్వాలు లోపల వేశాం. చేయి కిందికి వేలాడేస్తే వాసన చూసి పడుకుంది. వారం పాటు పాత మేతే, రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెంగా. చిన్న జాతి పిల్లలకి పొట్ట ఖాళీగా ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతాయి. ఆవు పాలు పడితే విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష విషమే. నిద్ర లేవగానే, తినగానే ఒకే చోటికి తీసుకెళ్లాలి. ఇంట్లో పోసిందని ముక్కు నేలకి రాయకూడదు, కొట్టకూడదు. టీకాలు పదహారు వారాల దాకా విడతలవారీగా ఉంటాయి, అవి పూర్తయ్యేదాకా వీధిలో దింపలేదు. చూడ్డానికొచ్చిన చుట్టాలు పిల్లను చేతులు మార్చుకుంటుంటే నేనే గట్టిగా వద్దన్నాను. ఒకావిడకి కోపం కూడా వచ్చింది.

గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మీ విలేకరి ఒక పూట అక్కడికి వెళ్లి డాక్టర్లతో మాట్లాడితే నాకంటే బాగా చెబుతారు. ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల మీద జరిపే జూనోసిస్ దినం నాడు, పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. అదైనా ముందు రోజే మొదటి పేజీలో వేయండి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో రిజిస్టరైన పెంపకందారులు ఎవరెవరో అధికారుల నుంచి జాబితా తీసుకుని అచ్చు వేయండి. అంత డబ్బు పెట్టలేనివాళ్లకి మన వీధి కుక్క పిల్లలున్నాయి. మన ఎండకి అవే బాగా తట్టుకుంటాయని కూడా రాయండి.

ఈ ఉత్తరంతో రెండు కార్డుల ఫొటోలు పంపుతున్నాను. ఒకటి పెన్ను టిక్కుది, రెండోది స్టిక్కర్లు, సంతకాలు ఉన్నది. మళ్లీ ఆదివారం అదే పేజీలో రెండూ పక్కపక్కన వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం